రుస్తుమె జమాన్ గామా

బరువులెత్తేవాడు బలవంతుడా? పరుగు పందెగాడా? కుస్తీ పట్టే వస్తాదా? విద్యార్థుల నడుమ ఈ చర్చ సాగినప్పుడెల్లా మాకు స్ఫురించేది గామా పహిల్వాను జీవితం.

గులాం మహమ్మద్ బక్ష్ అనే గామా 1878లో అమృతసర్ ప్రాంతంలో, మల్లుల వంశంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి గతించగా బంధువులే గురువులైనారు. 1888లో జోధ్‌పూర్‌లో జరిగిన బస్కీల పోటీలో నాలుగువందలకు పైగా మల్లులు పాల్గొన్నారు. వారిలో చివరిదాకా నిలిచిన పదిహేనుమందిలో పదేండ్ల గామా ఒకడు. మహారాజు ఆ బాలునే విజేతగా ప్రకటించాడు. తరువాత దతియా సంస్థానం ఆయనను ఆదరించింది. ఐదున్నర అడుగులకు కొంచెం మించిన ఈ యువకుడు 1895లో, ఏడడుగులకు చేరువైన రహీం బక్ష్ సుల్తానీవాలాను ఎదిరించి ఓటమి లేకుండా నిలిచాడు.

1910లో లండన్ చేరిన గామాను పొట్టివాడని పోటీలోనికి రానీయలేదు. ఏ బరువువారైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొట్టగలనని ఆయన సవాలు విసిరాడు. అమెరికన్ మల్లుడు రోలర్‌ను ఓడించిన పిమ్మటే ద్వారాలు తెరచుకున్నాయి. సెప్టెంబరు 10న తనకన్న ఎంతో బరువైన పోలెండు వీరుడు జిబిస్కోతో తలపడ్డాడు. జిబిస్కో చాపకు కరచుకొని పడుకోగా రెండున్నర గంటలైనా ఫలితం తేలలేదు. వారం తరువాత జరుగవలసిన పోటీకి జిబిస్కో రాకపోవడంతో గామాయే విజేత అయినాడు.

ఇచ్చట శాస్త్రం మనకు తోడ్పడుతుంది. బలం వేరు, సామర్థ్యం వేరు. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది సామర్థ్యం. బరువు పెరిగినకొద్దీ కండరం ముడుచుకొనే వేగం తగ్గుతుందని ఎ.వి. హిల్ 1938లో నిరూపించాడు. మన కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలిపినపుడు బలం అపారం. కాని కదలిక లేనందున భౌతికశాస్త్రం లెక్కలో సామర్థ్యం శూన్యం. పరుగు వీరుని పాదం నేలను తాకేది సెకనులో పదోవంతు మాత్రమే. ఆ క్షణంలోనే అతడు బలమంతా వినియోగించాలి. ఒలింపిక్ పద్ధతిలో బరువులెత్తేవానికి భారమూ, వేగమూ రెండూ కావాలి. మల్లునికి కదలని పట్టు, మెరుపు విసురు, గంటల కొలది ఓర్పు, మూడూ అవసరం. లండన్‌లో జిబిస్కోను కాపాడింది కదలని బలమే.

1928లో పటియాలాలో వారిరువురూ మళ్ళీ తలపడ్డారు. అప్పటికి గామా యాభైకి చేరువైనాడు. అయినా ఒక్క నిమిషంలోపే జిబిస్కో వీపు మట్టిని తాకింది. ఈసారి నేలను కరచుకొనే వ్యవధి అతనికి చిక్కలేదు.

1947లో దేశవిభజన నాటి అల్లర్లలో లాహోరులోని తన వీధి హిందువులకు గామా అండగా నిలిచాడని ప్రసిద్ధి. 1960లో ఆ నగరంలోనే అనారోగ్యంతో కన్నుమూశాడు.

కొలబద్దతో ఎత్తు కొలిచి ఆయనను వెనుకకు పంపినవారు కండరాల వేగాన్నీ, ఓర్పునూ కొలువలేదు. క్రీడాకారులను ఎంపిక చేసే పెద్దలూ, గోదాలో దిగే మా విద్యార్థులూ ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.