మేయర్ లెక్క

సీపీ మైనస్ సీవీ ఈజ్ ఈక్వల్ టు ఆర్. థర్మో చదివిన ప్రతి ఒక్కరం పరీక్షలో ఈ సూత్రం రాసే ఉంటాం. దీన్ని మేయర్ సంబంధం అంటారు. ఆ మేయర్ ఇంజనీరు కాదు, ఫిజిక్స్ ప్రొఫెసరూ కాదు. డాక్టరు.

జూలియస్ రాబర్ట్ మేయర్ 1814లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో పుట్టాడు. తండ్రిది మందుల షాపు. వైద్యం చదివి, 1840లో ఓ డచ్చి ఓడలో డాక్టరుగా జావా వెళ్లాడు. ఆ రోజుల్లో జబ్బు చేస్తే సిర కోసి కొంత రక్తం తీసేవాళ్లు. సురబయలో నావికులకి అలా తీస్తుంటే, ముదురు రంగులో ఉండాల్సిన సిర రక్తం ఎర్రగా వచ్చింది. పొరపాటున ధమని కోశానేమో అని కంగారుపడ్డాడు.

వేడి దేశంలో ఒళ్లు వెచ్చగా ఉండటానికి తక్కువ ఆహారం మండితే చాలు, అందుకే రక్తంలో ఆక్సిజన్ మిగిలిపోతోంది అని ఊహించాడు. అక్కడితో ఆగలేదు. ఒంటి వేడి, మనం చేసే పని రెండూ తిన్న తిండి నుంచే రావాలి కదా! అంటే రెండూ ఒకే ఖాతాలోవి. ఒకటి ఇంకొకటిగా మారుతుంది, మొత్తం మాత్రం మారదు.

దీన్ని లెక్కలో చూపడానికి వాయువుల్ని తీసుకున్నాడు. ఇప్పటి విలువల్లో చూద్దాం. గట్టిగా మూసిన పాత్రలో కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 0.718 కిలోజౌల్స్ చాలు. పిస్టన్ కదిలే సిలిండర్లో, ఒత్తిడి మారకుండా చేస్తే 1.005 కావాలి. ఇంటర్నల్ ఎనర్జీ రెండుచోట్లా ఒకేలా పెరిగింది. మరి అదనంగా ఇచ్చిన 0.287 ఏమైంది? పిస్టన్‌ని నెట్టే పనికి ఖర్చయింది.

1841లో పంపిన మొదటి వ్యాసంలో ఫిజిక్స్ తప్పులున్నాయి. పత్రిక జవాబే ఇవ్వలేదు. మరుసటి ఏడు లీబిగ్ నడిపే కెమిస్ట్రీ పత్రికలో ఇంకోటి అచ్చయింది. 365 మీటర్ల ఎత్తు నుంచి పడిన బరువు, అంతే బరువున్న నీటిని ఒక డిగ్రీ వేడి చేయగలదని అందులో తేల్చాడు. అసలు విలువ 427 దగ్గర. అప్పట్లో దొరికిన వాయువుల కొలతలు సరిగ్గా లేకపోవడంతో ఆ తేడా వచ్చింది.

పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా మాంచెస్టర్‌లో జౌల్ తనంతట తాను ప్రయోగాలు చేసి అదే చోటికి చేరాడు. పేరు ఆయనకొచ్చింది. 1848లో మేయర్ పిల్లలు ఇద్దరు చనిపోయారు. 1850లో ఆయన కిటికీలోంచి దూకేశాడు. ప్రాణం దక్కింది కానీ ఆ తర్వాత కొంతకాలం మానసిక చికిత్సాలయాల్లో గడపాల్సి వచ్చింది.

1862లో లండన్‌లో టిండాల్ అనే శాస్త్రవేత్త నిండు సభలో మేయర్ పనిని చెప్పాక గాని లోకం ఇటు తిరగలేదు. 1871లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. అంతకు ముందు ఏడాది అదే పతకం జౌల్‌కి వచ్చింది. 1878లో మేయర్ పుట్టిన ఊళ్లోనే కన్నుమూశాడు.

ఎనర్జీ యూనిట్‌కి జౌల్ పేరు పెట్టారు. మేయర్ పేరు మన నోట్సులో ఆ ఒక్క తీసివేత దగ్గర మిగిలింది. కానీ వేడికీ పనికీ ఒకే ఖాతా అని తెలిసేది ఆ తీసివేతలోనే.