యాభై ఒక్క కార్ల టక్కర్

నమూనా కారును కలుపుకొన్నా ప్రెస్టన్ టక్కర్ కంపెనీ తయారు చేసినవి 51 కార్లే. అయినా అమెరికా కార్ల చరిత్ర ఆయన పేరు లేకుండా పూర్తికాదు.

టక్కర్ 1903 సెప్టెంబరు 21న మిషిగన్ రాష్ట్రంలోని కేపక్‌లో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే, టీచరు ఉద్యోగం చేసే తల్లి లూసిల్ డెట్రాయిట్ పక్కనున్న లింకన్ పార్కులో పెంచారు. కొడుక్కేమో చదువు మీద కంటే బండ్ల మీదే ధ్యాస. పదకొండేళ్లకే కారు నడపడం నేర్చాడు. పదహారేళ్లకు పాత కార్లు కొని, బాగుచేసి అమ్మేవాడు. కాస్ టెక్నికల్ హైస్కూలును మధ్యలో వదిలేసి, కాడిలాక్ కంపెనీలో కాగితాలు అందించే పనికి కుదిరాడు. గది నుంచి గదికి రోలర్ స్కేట్ల మీద తిరిగేవాడట! తరగతిలో కాలు నిలవని పిల్లలు మాకు కొత్త కాదు గనుక ఈ కుర్రాణ్ని పోల్చుకోవడం కష్టం కాలేదు.

వేగంగా పోయే కార్లు నడపొచ్చని పోలీసుల్లో చేరితే, వయసు చాలదని తల్లే అధికారులకు చెప్పి మాన్పించారు. తర్వాత మళ్లీ చేరారు. చలికాలంలో ఇంజను వేడి లోపలికి రావాలని పోలీసు కారు డ్యాష్‌బోర్డుకు టార్చితో రంధ్రం చేశారు. దాంతో ఆయనను డ్రైవింగ్ నుంచి తప్పించారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, బి-29 విమానాల ఇంజన్లు చేసిన షికాగో ఫ్యాక్టరీని టక్కర్ ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకున్నారు. ఆయన కారుకు ఇంజను వెనక ఉండేది. ముందు మూడు దీపాలు. మధ్యదీపం స్టీరింగుతోపాటు తిరిగి మలుపులో దారి చూపేది. ప్రమాదం జరిగితే ముందు అద్దం ఊడి బయటికి పడేలా, డ్యాష్‌బోర్డుకు తల తగిలినా దెబ్బ తక్కువయ్యేలా మెత్త ఉండేలా తయారు చేయించారు. ప్రయాణికుల ప్రాణాల గురించి అంతగా ఆలోచించిన తయారీదారులు అప్పట్లో అరుదు.

డబ్బు దగ్గరే చిక్కొచ్చింది. డీలర్ హక్కులు అమ్మారు, జనానికి షేర్లు అమ్మారు. చివరికి కారు రాకముందే దాని సీటు కవర్లు, రేడియోలు కూడా అమ్మారు. అవి కొన్నవాళ్లకు కారు వరుసలో చోటు ఖాయమన్నారు. 1947లో జనానికి చూపించిన తొలి నమూనాకు రివర్స్ గేరే లేదు! ప్రభుత్వం మోసం కేసు పెట్టింది. పెద్ద కంపెనీలే తొక్కేశాయని ఆయన అభిమానులు ఇప్పటికీ అంటారు. కావచ్చు. కానీ లేని కారుకు సీటు కవరు అమ్మడాన్ని మేం సమర్థించలేం. నష్టపోయిన వేలాది వాటాదారుల్లో చిన్నజీతాల వాళ్లూ ఉన్నారు.

1950 జనవరి 22న జ్యూరీ ఆయనను నిర్దోషిగా తేల్చింది. మోసం చేయాలనుకున్నవాడు 51 కార్లు కష్టపడి తయారు చేస్తాడా అన్నది మాకూ తోచే ప్రశ్నే. అప్పటికే కంపెనీ చేజారింది. బ్రెజిల్‌లో మరో కారు తయారు చేయాలని చూస్తుండగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి, 1956 డిసెంబరు 26న కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు.

ఆయన కార్లలో చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. 2012లో ఒకటి వేలంలో 29 లక్షల డాలర్లు పలికింది. షికాగో ఫ్యాక్టరీలో తర్వాత ఫోర్డ్ కంపెనీ విమాన ఇంజన్లు తయారు చేసింది. 1965లో ఆ స్థలంలో వెలిసిన షాపింగ్ సెంటరుకు ఫోర్డ్ సిటీ అని పేరు పెట్టారు.