చార్లెస్ డికెన్సు తొలి రచనలు

ఆంగ్ల నవలాకారులలో మిక్కిలి ప్రసిద్ధుడైన చార్లెస్ డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన పోర్ట్స్‌మత్‌లో జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాదళ వేతన కార్యాలయమున గుమాస్తా. సహృదయుడే కాని, ఆదాయమునకు మించి వ్యయము చేయువాడు. కుటుంబము అప్పులపాలు కాగా 1824లో, పండ్రెండేండ్లు నిండిన దినములలోనే, చార్లెసు చదువు మాని లండనులో పనికి కుదురవలసివచ్చెను. థేమ్సు నది యొడ్డున ఎలుకలు తిరుగాడు పాత కొట్టములో, పాదరక్షలకు పూయు నల్లరంగు బుడ్లకు కాగితము కట్టి చీటీలంటించుట అతని పని. కూలి వారమునకు ఆరు షిల్లింగులు. కొలది దినములకే అప్పులవారు తండ్రిని మార్షల్సీ చెరసాలలో పెట్టించిరి.

ఆ కొట్టములో బాబ్ ఫాగిన్ అను బాలుడొకడుండెను. ఒకనాడు చార్లెసునకు ప్రక్కనొప్పి రాగా, అతడు ఖాళీబుడ్లలో వేడినీరు నింపి కాపడము పెట్టెను. సాయంకాలము ఇంటివరకు తోడు వచ్చెదననెను. చెరసాల సంగతి బయటపడునని చార్లెసు సిగ్గుపడి, ఎవరిదో యొక ఇంటి మెట్ల కడ నిలిచి, అదియే తన ఇల్లని నటించి అతనిని పంపివైచెను. తండ్రి విడుదలయై కొడుకును పని మాన్పింపగా, తల్లి మరల పంపగోరెను. ఆ గాయము మానలేదు. ఈ కథ డికెన్సు మరణానంతరము, మిత్రుడు ఫార్‌స్టరు వ్రాసిన జీవితచరిత్రవలననే లోకమునకు తెలిసెను.

పిమ్మట అతడు న్యాయవాది కచేరీలో గుమాస్తాయై, సంక్షిప్తలేఖనము నేర్చి, పార్లమెంటు విలేఖరి యయ్యెను. 1833 డిసెంబరులో అతని తొలి కథను ఒక మాసపత్రిక పేరు లేకయే, ప్రతిఫలము లేకయే ప్రకటించెను. అచ్చులో దానిని చూచి కన్నీరాగక, అతడు వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో అరగంటసేపు తిరుగాడెనట! తరువాత తమ్ముని ముద్దుపేరు నుండి పుట్టిన బోజ్ అను మారుపేరుతో నగరజీవితమును చిత్రించుచు వ్రాసిన వ్యాసములు 1836లో గ్రంథరూపము దాల్చెను.

ఆ యేడే ప్రచురణకర్తలు ఒక చిత్రకారుని బొమ్మలకు తగిన కథ వ్రాయుమని కోరిరి. బొమ్మలే కథననుసరింపవలెనని ఇరువదినాలుగేండ్ల యువకుడు పట్టుబట్టెను! అదియే పిక్‌విక్ పేపర్సు. చిత్రకారుడు ఆరంభములోనే మరణించెను. తొలి సంచికలు అంతగా అమ్ముడుపోలేదు. సామ్ వెల్లరను చమత్కారియైన సేవకుడు ప్రవేశించిన పిమ్మట ప్రతులు వేలకు వేలు చెల్లెను.

ఆ నవ్వుల కథ ముగియకమునుపే, 1837 ఫిబ్రవరిలో, ఆలివర్ ట్విస్టును ఆరంభించెను. అందు ఆలివరు అనాథ. పేదల ఆశ్రమములో ఆకటికి అలమటించి, తుదకు లండనులో పిల్లలకు చోరవిద్య నేర్పు ముసలివాని చేతిలో పడును. ఉపకారికి వింతయైన ప్రత్యుపకారమే కాని, ఆ ముసలివానికి డికెన్సు పెట్టిన పేరు ఫాగిన్.