గాయనీమణి గౌహర్ జాన్

సంగీత విద్వాంసుల చరిత్రలు వ్రాసేవారు సాధారణంగా వారి గురుపరంపరను, రాగజ్ఞానాన్ని వర్ణించి ఊరకుంటారు. ఆ విద్వాంసుని ఇంట పొయ్యి ఎట్లా వెలిగింది, పాటకు వెల ఎవరు కట్టారు అనే ప్రశ్నలు వారికి చిన్నతనంగా తోస్తాయి కాబోలు. గౌహర్ జాన్ జీవితాన్ని ఆ ప్రశ్నలు విడిచి చెప్పడానికి వీలులేదు. ఏ ఒక్క ఆస్థానాన్నీ పూర్తిగా నమ్ముకోక, తన గళాన్నే మూలధనంగా చేసుకొని, సుమారు నాలుగు దశాబ్దాలు నిలిచిన స్త్రీ ఆమె.

ఆమె 1873 జూన్ 26న ఆజంగఢ్‌లో జన్మించింది. తలిదండ్రులు పెట్టిన పేరు ఏంజెలీనా. తండ్రి రాబర్ట్ యోవర్డ్ ఆర్మీనియన్ సంతతివాడు. ఆమెకు ఆరేళ్ళ ప్రాయంలోనే తలిదండ్రులు విడిపోయారు. తల్లి విక్టోరియా బిడ్డతో బనారస్ చేరి, ఇస్లాం స్వీకరించి, మలకా జాన్ అనే పేరుతో గాయనిగా, ఉర్దూ కవయిత్రిగా కీర్తి గడించింది. బిడ్డ గౌహర్ అయింది. మణి అని ఆ ఫారసీ పదానికి అర్థం. 1883లో తల్లీకూతుళ్ళు కలకత్తా చేరారు. రాజ్యభ్రష్టుడైన అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఆ నగరపు మటియాబుర్జ్‌లో నివసిస్తూ, ఉత్తరదేశపు గాయకులకూ నర్తకులకూ ఆశ్రయమిస్తున్న కాలమది. గౌహర్ అక్కడ పలువురు ఉస్తాదుల వద్ద గానాన్ని, బిందాదీన్ మహరాజ్ వద్ద కథక్ నృత్యాన్ని అభ్యసించింది. 1887లో నవాబు కన్నుమూశాడు. ఆ సంవత్సరమే గౌహర్ దర్భంగా రాజాస్థానంలో తొలి కచేరీ చేసింది.

ఆమె తవాయఫ్. ఈ మాటను దాచవలసిన అవసరం మాకు కనిపించదు. ఠుమ్రీ, దాద్రా, గజల్ మొదలైన ప్రక్రియలను కాపాడి మనకందించినవారిలో అగ్రభాగం ఆ స్త్రీలదే. అయినా సంఘం వారి పాటను ఆదరించి వారిని మాత్రం వాకిట నిలిపింది. మన ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం పంతులు వంటి సంస్కర్తలు భోగం మేళాలను నిరసించారు. ఉత్తరదేశంలోనూ అటువంటి ఉద్యమమే సాగింది. ఆ ఉద్యమపు సదుద్దేశాన్ని మేము శంకించము. కానీ పాటే జీవనోపాధిగా గల స్త్రీ ఆ మేళాలు ఆగిన పిమ్మట ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు అది తగిన సమాధానం చెప్పలేదు. గౌహర్‌కు సమాధానం ఒక యంత్రం రూపంలో వచ్చింది.

1902లో లండన్ నుండి గ్రామఫోను కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తా వచ్చాడు. దేశంలో తొలి రికార్డు గౌహర్‌దేనని పలువురు వ్రాస్తారు. వాస్తవానికి అంతకు కొద్దిరోజుల ముందే ఇద్దరు రంగస్థల యువతులు పాడారు. కానీ రికార్డు వలన దేశమంతటా పేరు పొందిన తొలి గాయని గౌహరే. ఆ రోజులలో మైక్రోఫోను లేదు. గోడకు అమర్చిన పెద్ద కొమ్ములోనికి ముఖం చేర్చి బిగ్గరగా పాడాలి. ఆ ధ్వనికి సూది కదిలి మైనపు పలక మీద గాడి గీస్తుంది. తప్పుపోతే దిద్దడానికి వీలులేదు. మొత్తం కాలపరిమితి రెండు మూడు నిమిషాలు! ఒక రాగాన్ని గంటసేపు విస్తరించే ఉస్తాదులకు ఇది అవమానంగా తోచింది. యంత్రం గొంతును హరిస్తుందని భయపడినవారూ ఉన్నారు. గౌహర్ జంకలేదు. ఆలాపనను కుదించి, పల్లవిని ముందుకు తెచ్చి, వేగవంతమైన తానాలతో ఆ కొద్ది నిమిషాలలోనే రాగస్వరూపాన్ని చూపింది. ఉన్నదానిని తగ్గించడం వేరు, చిన్న పాత్రకు తగినట్లు క్రొత్తగా వండడం వేరు. ఆమె చేసినది రెండవది. పాట చివర ఆంగ్లంలో తన పేరు ప్రకటించేది. ఆ పలకలు జర్మనీలోని హానోవర్‌కు పోయి అచ్చు కావలసి ఉండేది. అక్కడి పనివారికి గాయని ఎవరో తెలియడానికే ఆ ఏర్పాటని చెబుతారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం ఏర్పడింది. పదికి పైగా భాషలలో సుమారు 600 రికార్డులు ఆమె పాడింది.

ఇక ధనం సంగతి. తొలి రికార్డింగుకు ఆమె 3,000 రూపాయలు కోరి పుచ్చుకుందని ప్రసిద్ధి. ఆనాటికది అపారధనం. అయితే ఆ తొలినాళ్ళలో గాయకులకు సాధారణంగా ఒక్కసారి ఇచ్చే మొత్తమే గాని, అమ్ముడైన ప్రతులపై భాగం ఉండేది కాదు. ఆమె చిత్రం ఆస్ట్రియా అగ్గిపెట్టెల మీద కూడా అచ్చయింది. గాయకుని ప్రదర్శనకు ప్రత్యేకమైన హక్కు మన దేశపు చట్టంలో 1994 సవరణతో గాని చేరలేదు. కనుక గౌహర్ బేరమంతా ముందుగానే సాగాలి. తన వెల తానే నిర్ణయించి, దానిపై పట్టుబట్టాలి. అలా పట్టుబట్టినందుకు ఆమెను గర్విష్ఠి అన్నవారున్నారు. పురుష విద్వాంసుడైతే దానిని ఆత్మగౌరవం అనేవారు!

1911 ఢిల్లీ దర్బారులో జానకీబాయితో కలిసి పాడింది. గాంధీజీ స్వరాజ్య నిధికై ఆమెను కచేరీ చేయమన్నారనీ, తాను స్వయంగా వస్తానన్న మాట నిలుపుకోలేక మౌలానా షౌకత్ అలీని పంపారనీ, ఆమె 24,000 రూపాయలలో సగం మాత్రమే ఇచ్చి, సగం మాటకు సగం ధనమే తగునన్నదనీ ఒక కథ వ్యాప్తిలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, ఆమె వ్యవహారసరళికి తగినట్లే ఉంది.

ఇంత లెక్క తెలిసిన మనిషి ఇంటి మనుషుల విషయంలో మాత్రం మోసపోయింది. 1906లో తల్లి మరణించాక, ఆ ఇంట పెరిగిన సేవకురాలి కుమారుడు ఆస్తికి తానే వారసుడనని దావా వేశాడు. ఏనాడో విడిచిపోయిన తండ్రిని వెదకి సాక్ష్యం చెప్పించుకొని గౌహర్ గెలిచింది. తరువాత తన వ్యవహారాలు చూసే అబ్బాస్‌ను వివాహమాడి, ఆస్తిని అతని చేతికిచ్చింది. ఆ బంధం మరల కోర్టుకే దారితీసింది. కచేరీలలో గడించినది కచ్చేరీలలో కరిగిపోయింది. ఆమెకు కీర్తి ఉంది, ధనం ఉంది. నమ్మకమైన సలహాదారు ఒక్కడు లేడు. ఒంటరిగా నిలిచిన కళాకారులకు ఇది నేటికీ తప్పని బాధ.

వయసు మీరింది, ఆరోగ్యం సన్నగిల్లింది. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆహ్వానించగా 1928 ఆగస్టులో ఆమె ఆ ఆస్థాన గాయని అయింది. నెలకు 500 రూపాయల జీతం. ఒక్క మెహఫిల్‌కు అంతకు మించి పుచ్చుకొన్న చేతులకు అది స్వల్పమే. అక్కడ ఏడాదిన్నర గడిచింది. 1930 జనవరి 17న, తన 56వ ఏట, మైసూరులోనే గౌహర్ జాన్ కన్నుమూసింది.