పెట్టె విప్పి చూసిన ఇంజినీరు ఏ.ఎస్.రావు

హైదరాబాద్‌కు కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో వెళ్లొచ్చిన నెల్లూరు కుర్రాళ్లకు ఏఎస్‌రావు నగర్ పేరు కొత్త కాదు. సిటీ బస్సు బోర్డు మీద చదివే ఉంటారు. ఆ పక్కనే ఈసీఐఎల్ చౌరస్తా. అక్కడి హాస్టల్ ఫీజులు తెలిసినంతగా ఆ రావుగారెవరో మనలో చాలామందికి తెలీదు. ఆయన 2003లో చనిపోయారు. అంటే ఇప్పుడు బీటెక్ చదువుతున్నవాళ్లు పుట్టకముందే. రక్షణ, అణుశక్తి, సైబర్ భద్రత రంగాల్లో కొలువు కావాలనుకునేవాళ్లు మాత్రం ఆయన గురించి ఒకసారి చదవాల్సిందే.

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో, ఇప్పటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరూ అదే. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. 1940ల్లో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ మాస్టర్స్ పూర్తిచేశారు. ఊళ్లో ఒక్క రేడియో ఉంటే జనమంతా చుట్టూ చేరే రోజులవి. ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి ఇక్కడ చెప్పుకోదగ్గ పరిశ్రమే లేదు. అయినా ఆయన తిరిగొచ్చి, హోమీ భాభా నడుపుతున్న టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో చేరారు.

అవసరమే సిలబస్

అక్కడ పని కాస్మిక్ కిరణాల మీద. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలను లెక్కపెట్టాలి. దానికి కౌంటర్లు, పల్స్ సర్క్యూట్లు, నిలకడైన పవర్ సప్లయ్‌లు కావాలి. బయట కొందామంటే విదేశీ మారకద్రవ్యం కరువు. కొన్నా, పాడైతే బాగుచేసే మనిషి సముద్రానికి అవతల ఉంటాడు. అందుకే రావు బృందం కావాల్సిన పరికరాలను తామే డిజైన్ చేసుకోవడం మొదలుపెట్టింది. పరిశోధనకు తోడుగా మొదలైన ఆ పనే ట్రాంబేలో పెద్ద ఎలక్ట్రానిక్స్ విభాగంగా ఎదిగింది.

దానికి అసలు పరీక్ష 1956లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 4న మన తొలి పరిశోధన రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ వ్యవస్థ మాత్రం రావు, ఆయన సహచరులు ఇక్కడ తయారుచేసిందే. రియాక్టర్‌లో కంట్రోల్ సర్క్యూట్ తప్పు చేస్తే రీస్టార్ట్ కొట్టి చూద్దాంలే అంటే కుదరదు. అలాంటి బాధ్యతను ఇక్కడి ఇంజినీర్లు మోయగలరని ఆ రోజు తేలింది. ప్రభుత్వం ఆయనకు 1960లో పద్మశ్రీ ఇచ్చింది. 1965లో భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ వచ్చాయి.

యుద్ధం చెప్పిన పాఠం

1962 చైనా యుద్ధం మన సైన్యం దగ్గరున్న పరికరాల లోటును బయటపెట్టింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయ్, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్న సూరి భగవంతం, ఏ.ఎస్.రావు అందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లన్నమాట! 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. కమిటీ నివేదిక అదే ఏడాది వెలువడింది. దేశానికి కావాల్సిన ఎలక్ట్రానిక్స్‌ను పదేళ్లలో దేశంలోనే తయారుచేసుకునే దారి అందులో ఉంది.

1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగం కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టే బాధ్యత రావుది. ట్రాంబే ల్యాబ్‌లో ఒకటీ రెండూ చేసిన పరికరాలను ఫ్యాక్టరీలో వరసగా, ఒకే నాణ్యతతో తీయాలి. ప్రాజెక్ట్ డెమోలో ఒక్కసారి పనిచేసిన బోర్డును వంద చోట్ల, వంద రోజులు పనిచేయించడం ఎంత కష్టమో మినీ ప్రాజెక్ట్ చేసిన ఎవరికైనా తెలుసు. 1969లో టీడీసీ-12 వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పేరు, 12 బిట్ల యంత్రం. తర్వాత టీడీసీ-316 వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఈసీ టీవీ గుర్తుందేమో. అదీ ఈ కంపెనీదే.

ఓడిన చోట, నిలిచిన చోట

ఈ కథలో ఓటమి కూడా ఉంది. 1980ల్లో ప్రైవేటు కంపెనీలు, దిగుమతి విడిభాగాలు వచ్చాక కంప్యూటర్లలో, టీవీల్లో ఈసీఐఎల్ వెనకబడింది. ధరలో, వేగంలో మార్కెట్‌తో పోటీపడలేకపోయింది. అన్నీ మనమే చేసుకోవాలన్న పట్టుదలకు ఖర్చు ఉంటుంది, అది కట్టాల్సి వచ్చింది.

కానీ మిగిలినవేంటో చూడండి. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ వ్యవస్థలు. సైన్యానికి ఫ్యూజులు, జామర్లు, సందేశాలను భద్రంగా పంపే పరికరాలు. బీఈఎల్‌తో పాటు ఈవీఎంలు తయారుచేసే రెండే రెండు సంస్థల్లో ఇదొకటి. చంద్రయాన్-1 సంకేతాలు అందుకోవడానికి బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా కూడా వీళ్లదే. వీటన్నిటిలో కొనేవాడు ధర కన్నా ముందు నమ్మకం చూస్తాడు. లోపల ఏ చిప్ ఉంది, ఏ కోడ్ నడుస్తోంది, తాళం ఎవరి దగ్గరుంది అని అడుగుతాడు. పెట్టె విప్పి చూపించగలిగినవాడికే అక్కడ పని. ఇవాళ సైబర్ భద్రత అంటున్నదాంట్లో సగం ఈ ప్రశ్నే.

మైపాడు నుంచి చూస్తే

మన తీరంలో ఉండేవాళ్లకు ఇంకో సంగతి వివరించక్కర్లేదు. మైపాడు ఉప్పుగాలికి ఫోన్ చార్జింగ్ పిన్ తుప్పు పడుతుంది, బోటులో వైరింగ్ ఏడాది తిరక్కుండా పచ్చబడుతుంది. నెలల తరబడి సముద్రం మీదుండే యుద్ధనౌకలో రాడార్, రేడియో, సోనార్ అదే గాలిలో బతకాలి. అందుకే సైనిక పరికరాలకు ఉప్పుతేమ, వేడి, కుదుపుల పరీక్షలు పెడతారు. మన దేశంలో ఆ ప్రమాణం పేరు జేఎస్‌ఎస్ 55555. ఇంటర్వ్యూకు వెళ్లేముందు దాని గురించి ఒక గంట చదవండి, పుస్తకం సర్క్యూట్‌కీ నౌకలోని సర్క్యూట్‌కీ తేడా అర్థమవుతుంది.

ఈ పని మనకు దూరంగా కూడా లేదు. టార్పెడోలకు విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్, ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థలకు హైదరాబాద్‌లో డీఎల్‌ఆర్‌ఎల్, రాత్రిపూట చూసే పరికరాలకు మచిలీపట్నంలో బీఈఎల్ ఉన్నాయి.

మరి దారి?

డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బి పోస్టులకు గేట్ స్కోరు, తర్వాత ఇంటర్వ్యూ. బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కు గేట్ స్కోరు, ఆపై ఇంటర్వ్యూ. బీఈఎల్ ప్రొబేషనరీ ఇంజినీర్లకు రాతపరీక్ష ఉంటుంది. ఈసీఐఎల్ ఇంజినీర్ ట్రైనీలనూ, ఐటీఐ, డిప్లొమా అప్రెంటిస్‌లనూ తీసుకుంటుంది. టెక్నికల్ ఆఫీసర్ల లాంటి కాంట్రాక్టు పోస్టులూ తరచూ వేస్తుంది. అప్లై చేసేముందు ఆ పోస్టు శాశ్వతమా, కాంట్రాక్టా అన్న లైను మాత్రం తప్పకుండా చూసుకోండి.

ఎక్కడికి వెళ్లినా అడిగేది బేసిక్సే. రావు జీవితం నుంచి తీసుకోవాల్సింది కూడా అదే. పది టూల్స్ పేర్లు రెజ్యూమేలో రాసేకన్నా, ఒక్క పరికరాన్నో ఒక్క ప్రోగ్రామ్‌నో అడుగు దాకా తెలుసుకోండి. అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పాడవుతుందో, పాడైతే ఎలా బాగుచేస్తారో చెప్పగలగాలి. కొన్న కిట్‌తో చేసిన ప్రాజెక్టయినా ఫర్వాలేదు. దాని మూత విప్పి చూశారా లేదా అన్నదే ఇంటర్వ్యూ బోర్డుకు కావాలి.