రంగు మారినా గుర్తు మారదు

డిగ్రీ చేతికొచ్చింది, నోటిఫికేషన్ మాత్రం రాలేదు. దరఖాస్తులు పెట్టారు, జవాబు లేదు. మీ పరిస్థితి ఇదేనా? అయితే రోజర్ టోరీ పీటర్సన్ గురించి తెలుసుకోండి. మహా మాంద్యం దెబ్బకు అమెరికాలో ఉద్యోగాలు ఊడిపోతున్న రోజుల్లో, పక్షుల్ని గుర్తుపట్టే నేర్పునే బతుకుతెరువుగా మలచుకున్న మనిషి ఆయన.

బీరువాల మీద బొమ్మలు

పీటర్సన్ 1908 ఆగస్టు 28న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. ఫర్నిచర్‌కు పేరున్న ఊరది. తండ్రి స్వీడన్ నుంచి వలస వచ్చిన కార్మికుడు. ఏడో తరగతిలో టీచర్ ఆడుబాన్ బాలల క్లబ్ పెట్టి, పక్షుల గురించి చిన్న చిన్న కరపత్రాలు ఇచ్చారు. అక్కడ మొదలైంది ఆయన పక్షుల పిచ్చి. స్కూలు అయిపోయాక కాలేజీకి వెళ్లలేదు. ఫర్నిచర్ కార్ఖానాలో బీరువాల మీద బొమ్మలు వేసే పనిలో చేరారు. 1925లో, పదిహేడేళ్ల వయసులో, పక్షి శాస్త్రజ్ఞుల సభ చూడ్డానికి న్యూయార్క్ వెళ్లారు. తర్వాత అదే నగరంలో ఆర్ట్ స్కూల్లో చేరారు. ఫీజుల కోసం మళ్లీ ఫర్నిచర్‌కు రంగులే వేశారు.

చలికాలపు చిక్కు

తీరిక దొరికితే బ్రాంక్స్ కుర్రాళ్ల పక్షుల క్లబ్‌తో కలిసి తిరిగేవారు. చలికాలంలో నీటి ఒడ్డుకు వెళ్తే అసలు చిక్కు ఎదురయ్యేది. చాలా నీటిపక్షులకు ఏడాదికి రెండు వేషాలు. గుడ్లు పెట్టే కాలంలో కొట్టొచ్చే రంగులు, చలికాలంలో పైన బూడిద, కింద తెలుపు. వేసవిలో నలుపు తెలుపు గళ్లతో ఉండే లూన్ పక్షి డిసెంబర్‌కల్లా వెలిసిపోయినట్టు ఉంటుంది. ఎర్ర గొంతు లూన్‌కు ఆ ఎరుపే ఉండదు. పైగా అవి ఎక్కడో దూరంగా అలల మీద తేలుతుంటాయి. అప్పటి పెద్ద పుస్తకాలేమో ఈక ఈకనూ వర్ణించేవి. పక్షి చేతిలో ఉంటేనే అవి పనికొస్తాయి.

పీటర్సన్‌కు దారి రెండు చోట్ల దొరికింది. ఎర్నెస్ట్ థాంప్సన్ సెటన్ రాసిన ఓ నవలలో ఒక కుర్రాడు బాతుల బొమ్మలు గీసుకుని, దూరం నుంచి కనిపించే మచ్చలను బట్టి వాటిని గుర్తుపడతాడు. ఇక లడ్లో గ్రిస్కమ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు, పక్షిని తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకోకుండానే అదేమిటో చెప్పేసేవారు.

రంగు పోతే ఇంకేం మిగులుతుంది? లూన్‌కు ముక్కు మిగులుతుంది. పెద్ద లూన్ ముక్కు లావుగా, తిన్నగా ఉంటుంది. ఎర్ర గొంతు లూన్ ముక్కు సన్నగా, కాస్త పైకి తిరిగి ఉంటుంది. గ్రే ప్లోవర్ పొట్ట మీది నలుపు చలికాలంలో పోతుంది కానీ, ఎగిరినప్పుడు రెక్కల కింద, చంకల దగ్గర కనిపించే నల్ల మచ్చ పోదు. ఈ ప్లోవర్ చలికాలంలో మన కోస్తాకూ వస్తుంది. ఈసారి అటు వెళ్తే బైనాక్యులర్స్‌తో మీరే సరిచూసుకోండి.

నలుగురు కాదన్నారు

ఇదంతా పుస్తకంగా రాయమని మిత్రుడు విలియం వోగ్ట్ పోరు పెట్టారు. పీటర్సన్ 1931లో బోస్టన్ దగ్గర ఓ స్కూల్లో టీచర్‌గా చేరారు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే పుస్తకం రాశారు, బొమ్మలు వేశారు. పోలిక ఉన్న పక్షులను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట చిన్న గీతతో చూపించారు. నలుగురు ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి హౌటన్ మిఫ్లిన్ సంస్థ ఒప్పుకుంది, అదీ భయపడుతూనే. 2000 కాపీలే వేస్తామంది. మొదటి వెయ్యి కాపీలకు ఆయన రాయల్టీ వదులుకున్నారు. 1934 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది. కాపీలన్నీ చూస్తుండగానే అయిపోయాయి.

అదే ఏడాది ఆడుబాన్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. చిన్నప్పుడు తాను చదివిన ఆ కరపత్రాలను కొత్తగా రాసే పనీ ఆయన చేతికే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలను గుర్తుపట్టే శిక్షణకూ ఆయన పద్ధతిని వాడారు. 1980లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. 1996లో కన్నుమూసేదాకా ఆ పుస్తకాన్ని సరిదిద్దుతూనే ఉన్నారు.

మీకేంటి?

1934లో పీటర్సన్ కొత్త పక్షిని కనిపెట్టలేదు. సమాచారం అప్పటికే లావాటి పుస్తకాల్లో ఉంది. చలిలో ఒడ్డున నిలబడ్డ మనిషికి అందులో ఏది కావాలో ఆయన ఏరి పెట్టారు. ఆ పనికి కార్ఖానాలో నేర్చిన కుంచె, సెలవు రోజుల్లో నేర్చిన చూపు రెండూ అక్కరకొచ్చాయి. చేతిలో ఉన్న ఉద్యోగాన్నీ వదల్లేదు. మీ సబ్జెక్టులో జనం దేనికీ దేనికీ తేడా తెలియక తికమక పడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తేడాను రెండు ముక్కల్లో చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో మాట్లాడ్డానికి మీ దగ్గర మార్కుల జాబితా ఒక్కటే కాకుండా మరొకటి ఉన్నట్టే.