రూజ్వెల్టు తపాలా బిళ్ళలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షులలో మిక్కిలి పేరొందిన ఫ్రాంక్లిన్ డెలానో రూజ్వెల్టు 1882వ సంవత్సరము జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి హైడుపార్కున జన్మించెను. తల్లి సారాకు అతడొక్కడే బిడ్డ. ఆమె బాల్యమున కొంతకాలము హాంకాంగు నగరమునందుండెను; తానును తపాలా బిళ్ళలు సేకరించెను. ఆమె ప్రోత్సాహమువలన రూజ్వెల్టునకు ఎనిమిదవ యేటనే ఆ యభిరుచి కలిగెను. మేనమామ తాను కూర్చుకొన్న బిళ్ళలను గూడ మేనల్లునికే యిచ్చివేసెను.

స్వదేశపు బిళ్ళలు తపాలా కచేరీలో దొరకును. విదేశములందు క్రొత్తగా వెలువడిన బిళ్ళలు చేతికి వచ్చు టెట్లు? దూరదేశములందలి బంధువులు ఉత్తరములు వ్రాయవలెను, లేదా వర్తకులకు సొమ్ము చెల్లింపవలెను. కొన్ని బిళ్ళలు ఉత్తరములపై రానే రావు. మన నల్లగండ్ల ఆనాడు నిజాము రాజ్యములోనిది. 1869 మొదలుకొని ఆ రాజ్యమునకు స్వంత బిళ్ళలుండెను. కాని యవి రాజ్యము పొలిమేరలకు లోపలనే చెల్లుచుండెను. సీమ దాటవలసిన ఉత్తరమునకు బ్రిటిషు ఇండియా బిళ్ళ అంటింపవలసినదే. కావున నిజాము బిళ్ళను కోరిన విదేశీయుడు సాధారణముగా వర్తకుని ఆశ్రయింపవలసి వచ్చెడిది. రూజ్వెల్టును అట్లే పెక్కు బిళ్ళలు వెలయిచ్చి కొనెను.

1921లో, ముప్పదితొమ్మిదవ యేట, ఆయనకు పోలియో వ్యాధి సోకెను. కాళ్ళు పడిపోయెను. మంచముపై గడపిన ఆ దీర్ఘదినములలో భూతద్దము, బిళ్ళల పుస్తకములు ఆయనకు తోడైనవి. వ్యాధికి లొంగక మరల రాజకీయములందు ప్రవేశించి, 1933లో అధ్యక్షపదవి నలంకరించెను.

అప్పటినుండి విదేశాంగ శాఖకు లోకము నలుమూలలనుండి వచ్చు ఉత్తరములపైని బిళ్ళలు కవరులో వారమువారము ఆయనకు చేరుచుండెను. ఇంతకు మించిన ఆకరము ఏ సేకర్తకు లభించును? ప్రయాణములందు గూడ బిళ్ళల పెట్టె ఆయన వెంటనే యుండెడిది. కొన్ని క్రొత్త బిళ్ళలకు నమూనా చిత్రములను ఆయన స్వయముగా గీసియిచ్చెను. 1933లో బైర్డు దక్షిణధ్రువ యాత్రకై వెలువడిన బిళ్ళ అట్టిదే.

ఈ సౌకర్యమే ఒక చిక్కు తెచ్చిపెట్టెను. తపాలా శాఖాధిపతి జేమ్సు ఫార్లే ఆయనకు మిత్రుడు. క్రొత్త బిళ్ళలు అచ్చగుచుండగా, జిగురు పూయకమునుపు, అంచుల రంధ్రములు వేయకమునుపు, ఆయన కొన్ని తావులు వెలయిచ్చి తీసికొని అధ్యక్షునకును మరికొందరు పెద్దలకును కానుక చేసెను. ఫార్లే చెల్లించినది బిళ్ళపై ముద్రించిన వెల మాత్రమే. కాని మూడు సెంట్ల బిళ్ళ లోకమున పదిమంది వద్ద మాత్రమే యున్నచో దాని ధర ఆకాశమునంటును. అట్టి తావు ఒకటి బయటి విపణికి వచ్చునంతలో సేకర్తలు మేల్కొనిరి. పైసపైస కూడబెట్టి బిళ్ళలు కొను సామాన్యునకు దొరకనిది పెద్దలకు మాత్రమే దొరకు టెట్లని వారు అడిగిరి. శాసనసభలో గూడ ఈ మాట చెలరేగెను. ఫార్లేకు దురుద్దేశమున్నట్లు తోచదు. మిత్రుని సంతోషపెట్టవలెననుటయే ఆయన కోరిక. అయినను ఫిర్యాదు న్యాయమైనదే.

ప్రభుత్వము తప్పు దిద్దుకొనెను. 1935 మార్చి 15వ తేదీన అట్టివే ఇరువది రకముల బిళ్ళలను, జిగురు లేకుండ, మరల ముద్రించి, ముద్రిత వెలకే ఎల్లవారికి అమ్మెను. పెద్దల చేతిలోని తావుల అపురూపత్వము ఒక్కదినమున అణగారెను. రూజ్వెల్టు సేకరణ మాత్రము ఆగలేదు. యుద్ధకాలమునందును రాత్రివేళ తీరిక చేసికొని బిళ్ళలు అతికించుకొనుచుండెను.

1945 ఏప్రిలు 25వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఐక్యరాజ్యసమితి స్థాపనకై మహాసభ జరుగవలసియుండెను. అందులకై క్రొత్త బిళ్ళయు సిద్ధమగుచుండెను. రూజ్వెల్టు ఆ సభకు వెళ్ళదలచెను గాని, ఏప్రిలు 12వ తేదీననే కన్నుమూసెను. బిళ్ళ అనుకొన్న దినముననే వెలువడెను. దానిపై ఆయన పేరును ముద్రించిరి. ఆయన కూర్చిన బిళ్ళలను మరుసటి సంవత్సరము న్యూయార్కున వేలము వేయగా రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చెను. వానిలో పెక్కు స్వల్పమైన వెలకు దొరకు సామాన్యపు బిళ్ళలే.